'ట' అనే అక్షరం

మన తెలుగులో 'ట' అనే ఒక్క అక్షరానికి ఉన్నంత ధైర్యం మరే అక్షరానికీ లేదు. "ఆ పిల్ల ఆఫీసు నుంచి పొద్దుపోయి వస్తుందిట. ఎవరో స్కూటరు మీద దింపుతాడుట." చెప్పినావిడ చూడలేదు, చూశాననీ అనలేదు. ఆ 'ట' ఆవిడని చల్లగా కాపాడుతుంది. కుదరబోయిన సంబంధం మాత్రం తప్పిపోతుంది. ఎందుకు తప్పిందో పిల్లవాళ్ళకి తెలియనైనా తెలియనివ్వరు.

కోర్టువారికి ఈ 'ట' అంటే గిట్టదు. 1872లో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ అనే దొర రాసిన సాక్ష్య చట్టంలోనే ఉంది - చూడదగిన విషయమైతే కళ్ళారా చూసినవాడే వచ్చి చెప్పాలి, వినదగినదైతే చెవులారా విన్నవాడే చెప్పాలి అని. దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ సూత్రం అలాగే ఉంది. ఇందులో పెద్ద వేదాంతమేమీ లేదు. బోనులో నిలబడ్డవాణ్ణి ఎదుటి ప్లీడరు అడ్డుప్రశ్నలు వేయొచ్చు. ఎంత దూరం నుంచి చూశావు? దీపం ఉందా? నీకూ వాళ్ళకీ పాత తగాదాలేమైనా ఉన్నాయా? అసలు అక్కడ లేనే లేని మనిషిని ఏమని అడుగుతాం?

వాల్మీకి ఉత్తరకాండలో భద్రుడు రాముడి చెవిన వేసింది ఇలాంటి 'ట'యే. (జనం నోళ్ళలో అది తర్వాత చాకలి మాట అయింది.) అప్పటికే నిప్పులో దూకి బయటికొచ్చిన ఇల్లాలు! ఒకసారి విచారించి నిర్దోషి అని తేల్చినవాళ్ళని అదే నేరానికి మళ్ళీ విచారించకూడదంటుంది నేటి చట్టం. సీతని రెండోసారి విచారించనే లేదు లెండి. నేరుగా శిక్షే.

పోనీ, కోర్టయినా ఆడవాళ్ళ దగ్గర అంత నిక్కచ్చిగా ఉందా? అదే 1872 చట్టంలో 54వ సెక్షను ప్రకారం, ముద్దాయి నడత చెడ్డదన్న సంగతి సాధారణంగా సాక్ష్యానికి పనికిరాదు. సబబే. చెడ్డవాడైనంత మాత్రాన ఈ నేరమూ వాడే చేశాడనలేం కదా. కానీ 155వ సెక్షనుకి వచ్చేసరికి, మానభంగం కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ మాట నమ్మదగింది కాదని చూపడానికి ఆమె నడతని బయటికి లాగొచ్చన్నారు. వాడి గతానికి తలుపు మూసి, ఆమె గతానికి బార్లా తీశారన్నమాట. నడత అంటే ఏముంది, నలుగురూ అనుకునేదేగా! వీధి గుమ్మంలో ఆపేసిన 'ట' దొడ్డిదారిన లోపలికొచ్చి కూచుంది. దాన్ని లేపి పంపడానికి 2002లో సవరణ వచ్చేదాకా 130 ఏళ్ళు పట్టింది.

ఇంకో విడ్డూరం ఉంది. మరణ వాంగ్మూలాన్ని ఆ చట్టం మొదటినుంచీ ఒప్పుకుంది. తన చావుకి కారణం చెప్పి కన్నుమూసిన మనిషిని బోనెక్కించలేం కనుక, ఆ మాట విన్నవాళ్ళు వచ్చి చెప్పినా చెల్లుతుంది. అంటే, పోతూ పోతూ చెప్పిన ఆడదాని మాటని నమ్మారు. బతికి బయటపడి, తనే బోనెక్కి, అడ్డుప్రశ్నలన్నిటికీ నిలబడి జవాబు చెప్పినదాని మాటని మాత్రం ఆమె నడతతో తూచారు.

మా ఎరికలో ఒకావిడ ఉంది. కొడుక్కి చూసిన పిల్ల గురించి ఇలాగే రెండు 'ట'లు మోసుకొచ్చారెవరో. ఆవిడ వాదించలేదు, మొహం మాడ్చుకోలేదు. కాఫీ ఇచ్చి, "సాయంత్రం పిల్లవాళ్ళింటికి వెడుతున్నాం వదినా. నువ్వూ రా, ఆ మాటేదో వాళ్ళ ఎదుటే అందువుగాని" అంది. వదినగారికి ఆ సాయంత్రం తలనొప్పి వచ్చింది. పెళ్ళి వైశాఖంలో జరిగింది.