కూలెనా? కూల్చిరా?

లండను నగర వీధులలో గోడలకు బిగించిన చిన్న నీలి ఫలకములు ఇప్పుడు లేని దేవాలయముల స్థలములను తెలుపుచున్నవి. 1666 సెప్టెంబరు అగ్నిప్రమాదములో 87 దేవాలయములు కాలిపోగా, క్రిస్టఫర్ రెన్ పర్యవేక్షణలో 51 మరల కట్టబడెను. తిరిగి లేవని వాటి ఫలకములపై దేవాలయపు పేరు, అగ్నిప్రమాదము, సంవత్సరము మాత్రమే యుండును. అగ్నికి ద్వేషము లేదు గనుక ఆ వ్రాత సులభము.

బస్తరులో అంత సులభము కాదు. జగదల్‌పూర్‌లో మెథడిస్టుల లాల్ చర్చి నేటికిని నిలిచియున్నది; దానికి ఫలకముతో పని లేదు. పల్లెలలోనైతే తరచుగా విశ్వాసి యిల్లే ప్రార్థనామందిరము. 2020 సెప్టెంబరులో కొండగావ్ జిల్లాలోని కొన్ని గ్రామములలో జనులు గుంపుగా వచ్చి క్రైస్తవుల ఇండ్లను పాడుచేసిరి. మట్టిగోడ నేలకూలినచో రెండు వర్షాకాలములకు దాని గురుతైనను మిగులదు. అచ్చట ఎవరైనను ఒక రాయి నిలుపగోరినచో, దానిపై ఏ క్రియాపదము చెక్కవలెను?

'కూలెను' అనుట అబద్ధము. 'కూల్చిరి' అనుట సత్యమే. కాని ఆ కూల్చినవారు ఎవరు? అదే బావినీళ్లు త్రాగు పొరుగువారు, ఒక్కొక్కప్పుడు రక్తసంబంధులు. రాతిపై చెక్కిన నిందను మనుమలును చదువుదురు. 'కూల్చబడెను' అనవచ్చును. పండితులు మెచ్చని ఈ కర్మణి ప్రయోగమును విరివిగా వాడి బైబిలు అనువాదకులు మాటపడిరి. ఇచ్చట మాత్రము అది జరిగినదానిని దాచక, చేసినవానిని దేవుని యెదుట విడిచిపెట్టును. న్యాయస్థానములో అది చాలదు. అచ్చట కర్త పేరు చెప్పియే తీరవలెను.

రాయి నిలుపుటకు నేలయు కావలెను గదా. 2025 జనవరిలో బస్తరు జిల్లాలో ఒక పాస్టరు దేహమును సొంత ఊరిలో పాతిపెట్టుటకు గ్రామస్థులు ఒప్పుకొనలేదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరి అభిప్రాయములు భిన్నమయ్యెను. తుదకు ఇరువది కిలోమీటర్లకు పైబడిన దూరమున, కర్కపాల్ క్రైస్తవ శ్మశానములో సమాధి చేయుటకు ఆజ్ఞ వెలువడెను.

1940 నవంబరు 14 రాత్రి జర్మను బాంబులకు కాలిన కవెంట్రీ కెథడ్రల్ శిథిలములలో, దాని ప్రధాన గురువు రిచర్డ్ హోవర్డ్ క్షమించుమని తండ్రిని వేడు మాటను చెక్కించెను. 'వీరిని' అను పదమును మాత్రము చేర్చలేదు. కాల్చినవారును కాలినవారును ఆ ప్రార్థన క్రిందికే వత్తురు. అయితే ఆ మాట ఎన్నుకొను హక్కు గాయపడినవారిది. క్షేమముగా దూరముననున్నవారు దానిని బస్తరు విశ్వాసికి బోధించుట క్రూరత్వము.

దూరముననున్నవారికి యిర్మీయా 7వ అధ్యాయము చాలును. పాడైన షిలోహును చూచి రండని ప్రవక్త చెప్పినది ఇల్లు పోగొట్టుకొనినవారితో కాదు, యెరూషలేము ఆలయము తమకున్నదను ధీమాతో దాని గుమ్మములలో ప్రవేశించుచున్నవారితో. మన పట్టణ దేవాలయములలో శంకుస్థాపన చేసిన పెద్దల పేర్లు, పంకాలు ఇచ్చిన దాతల పేర్లు చలువరాతిలో కనబడుచున్నవి. కూల్చబడిన ఒక పల్లె సంఘపు పేరును ఆ గోడపై చెక్కించుటకు ఏ కమిటీ తీర్మానించును?