గుర్తుండకూడని చేతులు

2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులికూనలు దొరికాయి. నాలుగూ ఆడవే. కుక్కల పాలు కాకుండా ఊరివాళ్లు వాటిని గదిలో దాచి అటవీశాఖకు కబురు చేశారు. అధికారులు తల్లి కోసం నల్లమలంతా గాలించినా కూనల్ని దాని దగ్గరికి చేర్చడం కుదరలేదు. చివరికి వాటిని తిరుపతి ఎస్వీ జూకు తరలించారు. అప్పటి నుంచీ నా ఆలోచనలు ఆ కూనల కంటే, ఇలాంటి కూనల్ని సాకే చేతుల చుట్టూనే ఎక్కువ తిరుగుతున్నాయి.

పుట్టినప్పుడు పులికూన బరువు కిలోకు అటూ ఇటూ. కళ్లు తెరవడానికే వారం పది రోజులు పడుతుంది. తల్లి లేనిదాన్ని కాపాడాల్సింది కీపరే. ఆవుపాలు దానికి చాలవు, ప్రత్యేకంగా కలిపిన పాలు సీసాతో పట్టాలి, అర్ధరాత్రి లేచి కూడా. తాగాక తడిదూదితో పొట్ట కింద తుడవాలి. తల్లి నాలుక తగిలితే తప్ప అంత పసిదానికి మూత్రం కూడా సరిగా రాదు మరి. రోజూ తూకం వేయాలి. నిన్నటి కంటే బరువు తగ్గితే కంగారు. పులికి పిల్లిలా గురగురలాడటం రాదు. ఇష్టమైనవాళ్లు కనిపిస్తే ముక్కుతో ఫుర్రు ఫుర్రుమంటుంది. చేతుల మీద పెరిగిన కూన తల్లికి దక్కాల్సిన ఆ పలకరింపును కీపరుకిస్తుంది.

కోరలు బలపడేకొద్దీ ఆ చేతులు వెనక్కి జరగాలి. ముందు సీసా పోతుంది, తర్వాత మాంసం ఊచల సందు నుంచి అందుతుంది. పెద్దదయ్యాక, ఆవరణ ఊడ్చాలంటే పులిని నైట్‌హౌస్‌లోకి పిలిచి, తలుపు దించి, తాళం లాగి చూసుకున్నాకే లోపల అడుగు పెట్టాలి. పులికి ద్రోహబుద్ధి ఏమీ లేదు. ఆడుకుందామనే మీదికి దూకుతుంది. కానీ వంద కిలోల ఆటకు మనిషి మెడ ఆగదు.

అడవికి పంపదలచిన కూనల విషయంలో ఇలా వెనక్కి జరగడం ఇంకా కఠినం. 2009 నాటికి పన్నా అడవిలో ఒక్క పులీ మిగల్లేదు. కన్హా అడవిలో తల్లిలేకుండా పెరిగిన ఆడపులుల్ని 2011లో పన్నాలో వదిలారు. మనుషులకు దూరంగా, పెద్ద ఆవరణలో వేట నేర్చుకుంటూ పెరిగినవి అవి. వాటిలో ఒకటి పన్నాలో పిల్లల్ని కూడా పెట్టింది.

దీన్ని బిడ్డల పెంపకంతో పోల్చడం తేలికే, నాకు మాత్రం అది చాలదు. ఎక్కడికి వెళ్లినా బిడ్డ పండక్కి ఇంటికి వస్తాడు. అడవికి వెళ్లిన పులి మనిషిని వెతుక్కుంటూ వస్తే పెంపకం తప్పినట్టే. ఊరికి చేరువైన పులికీ క్షేమం లేదు, ఊరికీ లేదు.

భాగవతంలో భరతుడు రాజ్యం విడిచి తపస్సుకు వెళ్లి, ఏటిలో పడిన లేడికూనను తీసి పెంచాడు. దాని మీది మమకారంతోనే ప్రాణం విడిచి లేడిగా పుట్టాడు. మమకారం కట్టిపడేస్తుందని ఈ కథ హెచ్చరిస్తుందంటారు. నేను ఒప్పుకోలేను. మమకారమే లేకపోతే ఏట్లో కొట్టుకుపోతున్న కూన కోసం ఎవరు దిగుతారు? రాత్రి రెండు గంటలకు పాలసీసా వెచ్చబెట్టేదెవరు? భరతుడు కూనను ఎత్తుకోవడంలో తప్పేమీ లేదు, దించడమే అతనికి చేతకాలేదు. కీపరు రెండూ చేస్తాడు. ముందు నిండుగా ప్రేమిస్తాడు, తర్వాత తన చేత్తోనే తలుపు దించుతాడు, మర్నాడు పొద్దున్నే మళ్లీ పనిలోకి వస్తాడు. ఆ రెండో పనికి ఎంత గుండె కావాలో తలచుకున్నప్పుడల్లా నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

జంతువుల్ని దత్తత తీసుకున్న దాతల పేర్లు మన జూ బోర్డుల మీద కనిపిస్తుంటాయి. అదే బోర్డు మీద, ఆ కూనకు పాలు పట్టిన మనిషి ఒప్పుకుంటే, ఆ పేరు కూడా రాయాలని నా కోరిక.