నిలవని పని

మా తమ్ముడు ఓడ కళాసి. ఈ ముక్క ఇంత సూటిగా రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

వాడికి సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఎవరడిగినా "ఓడలో గవర్నమెంటు ఉద్యోగం" అని ఊరుకునేదాన్ని. అబద్ధం కాదు కదా! విన్నవాళ్లు తెల్ల దుస్తులూ, జరీ టోపీ ఊహించుకుంటే ఆ తప్పు వాళ్లది. అలా సర్దిచెప్పుకునేదాన్ని. ఒకసారి పిల్ల తండ్రి కాఫీ తాగుతూ, "ఓడలో ఏం చేస్తావు బాబూ?" అని వాణ్ణే అడిగేశాడు.

"తుప్పు గోకుతానండీ" అన్నాడు మావాడు.

నా చేతిలో ట్రే వణికింది. సంబంధం తప్పిపోయింది. ఆ రాత్రి వాడి మీద విరుచుకుపడ్డాను, "కాస్త గౌరవంగా చెప్పలేవురా?" అని.

"గౌరవంగానే చెప్పానక్కా. సిగ్గుపడ్డది నువ్వు" అన్నాడు.

వాడు పనిచేసింది విశాఖపట్నంలో, ఇసుక తోడే డ్రెడ్జరు మీద. సముద్రం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుంటూ పోతుంది. డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి ఓడలు లోపలికొచ్చే కాలవ ఆ ఇసుకతో పూడుతూ ఉంటుంది. రేవు తెరిచిన 1933 నుంచీ ఉన్న బాధే. తోడితే మళ్లీ వస్తుంది. ఓడ మీద పనీ అంతే. సుత్తితో తుప్పు రాల్చాలి, వైరు బ్రష్షుతో రుద్దాలి, రెడాక్సైడు పూసి ఆపైన రంగు వెయ్యాలి. ఈ కొసనుంచి ఆ కొసకి చేరేసరికి ఉప్పుగాలికి మొదటి కొస మళ్లీ తుప్పు పట్టి ఉంటుంది.

"ఇన్నేళ్లు చేశావు, చూపించడానికి ఏం మిగిలిందిరా?" అన్నానొకసారి.

"ఏం మిగల్లేదు. ఓడలు మాత్రం వచ్చిపోయాయి" అన్నాడు.

ఆ పూట అంట్లు తోముతుంటే నవ్వొచ్చింది. పొద్దున్న తోమినవే! ఊడ్చిన ఇల్లు, ఉతికిన బట్టలు, కడుపులో పడ్డ అన్నం... వీటిలో సాయంత్రానికి నిలిచేదేమిటి? చేస్తే కనపడదు, చెయ్యకపోతే ఊరంతా కనపడుతుంది. 2011 జనాభా లెక్కల్లో కూడా ఇంటిపని మాత్రమే చేసుకునేవాళ్లని "పని చెయ్యనివాళ్ల" పద్దులోనే వేశారు. తమ్ముడి పనికి నేను సిగ్గుపడ్డానంటే, అది నా పనిలాంటిదే కాబట్టేమో!

అయితే పనికి విలువ నిలవడంలో ఉందా? 1972లో కుదిరిన అంతర్జాతీయ సముద్ర నిబంధనల్లో అయిదోదాని ప్రకారం, ప్రతి ఓడా అన్ని వేళలా కంటితోనూ చెవితోనూ కనిపెట్టుకుని ఉండాలి. రాత్రి చీకట్లోకి చూస్తూ నిలబడ్డ కళాసికి ఏమీ కనబడకపోతే ఆ రాత్రి గడిచినట్టే. జ్వరపు పిల్లాడి పక్కన మేలుకున్న తల్లికీ అంతే. ప్రమాదం జరగకపోవడమే వాళ్లు చేసిన పని. జరగనిదాన్ని ఎవరికి చూపిస్తాం?

ఇక్కడితో ఆపేస్తే వ్యాసం అందంగానే ఉంటుంది. కానీ ఆపబుద్ధి కావడం లేదు. "ఎంత గొప్ప పనమ్మా మీది!" అని పొగిడి, ఆ పని మన నెత్తినే ఉంచడం లోకానికి బాగా తెలుసు. మా తమ్ముడికి పొగడ్తలు లేవు గానీ జీతం ఉండేది. అంతకన్నా ముఖ్యం, వాడికి వంతు ఉండేది. ఓడల్లో మామూలుగా నాలుగు గంటల కాపలా, తర్వాత ఎనిమిది గంటల విరామం. టైము కాగానే ఇంకొకడొచ్చి ఆ చోట నిలబడతాడు. వాడు రాకుండా వీడు కదలకూడదు, వాడు రాకుండా ఉండనూ కూడదు. నిలవని పనికి నిజమైన గౌరవం అదేననిపిస్తుంది. పొగడ్త కాదు, ఇంకొకరొచ్చి అందుకోవడం.

తర్వాత వచ్చిన సంబంధంవాళ్లకి నేనే చెప్పాను, "మావాడు కళాసి అండీ, తుప్పు గోకుతాడు" అని. పిల్ల తల్లి, "రోజూ చేస్తాడా?" అని మాత్రం అడిగింది. ఆవిడ కూతురే మా మరదలు.

ఇదంతా రాసి మా వారికి చదవమని ఇచ్చాను. శ్రద్ధగా చదివి, "బాగా రాశావోయ్. కాఫీ ఏదీ?" అన్నారు.

"నా నాలుగు గంటలూ అయ్యాయండీ" అన్నాను.

ప్రస్తుతం వంటింట్లోంచి పాలు పొంగిన వాసన వస్తోంది. నేను మాత్రం లేవలేదు.