కనపడకుండా కట్టిన గోడలు

పోయిన చలికాలంలో మా ముదిగుబ్బ మండలం తండా పిల్లల్ని కొందరిని హైదరాబాదు రామోజీ ఫిల్మ్ సిటీకి తీసుకుపోయాం. రాత్రంతా బస్సు ప్రయాణం. 1996లో మొదలైన ఆ చోట విమానాశ్రయం సెట్టు, రైల్వే స్టేషన్ సెట్టు చూసి పిల్లలు నిజంగానే టికెట్ అడుగుతారేమో అన్నట్టు ఒదిగి నడిచారు. ఎనిమిదో తరగతి పాప ఒకామె మాత్రం ఒక గోడ పక్కనుంచి వెనక్కి పోయి తొంగి చూసి, నవ్వుతూ పరిగెత్తుకొచ్చింది.

"ఎనకాల ఏమీ ల్యా సార్. అంతా ఇనప కమ్ములే."

ఒకరి తర్వాత ఒకరు పోయి చూశారు. చూసొచ్చాక వాళ్ల సంతోషం తగ్గలేదు, ఇంకా పెరిగింది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆ పాపే అడిగింది: "ఆ పొద్దు ఫొటోకు నా కళ్లద్దాలు తీపిచ్చినారు గదా సార్, అది గూడా ఇట్లా సెట్టేనా?"

మేం ముగ్గురు టీచర్లం ఉన్నాం. ఎవరమూ జవాబు చెప్పలేదు. మీలో టీచర్లు ఉన్నారు, రేపు టీచర్లయ్యే పిల్లలూ ఉన్నారు కాబట్టి ఈ సంగతి మీతో మాట్లాడాలనిపించింది. ముందు ఈ విద్య ఏమిటో చూద్దాం.

థీమ్ పార్కులు కట్టేవాళ్లు సైట్‌లైన్ అనే మాట వాడతారు. నిలబడిన మనిషి కంటినుంచి ఎదురుగా ఉన్న వస్తువుకు ఒక దారం లాగి కట్టినట్టు అనుకోండి. ఆ దారానికి ఏది తగిలితే అది కనపడుతుంది. తగలకూడనిది ఉంటే మధ్యలో ఒక చెట్టో, గోడో, మట్టిదిబ్బో అడ్డం పెడతారు. 1955 జులై 17న కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచారు. ఆ పార్కు చుట్టూ పెద్ద మట్టికట్ట పోశారు. మన చెరువుకట్ట లాంటిదే. కాకపోతే మన కట్ట నీళ్లను లోపల నిలుపుతుంది, ఆ కట్ట లోకాన్ని బయట నిలుపుతుంది. దాని మీద రైలు తిరుగుతుంది. 1971లో ఫ్లోరిడాలో తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఇంకా ముందుకు పోయారు. కౌబాయ్ వేషంలో ఉన్న పనివాడు రేపటి లోకం చూపించే చోట నడుస్తూ కనపడితే రెండు కథలూ చెడిపోతాయని, పనివాళ్లు తిరగడానికి కింద సొరంగాలు కట్టారు. అక్కడ తవ్వితే నీళ్లు. అందుకని సొరంగాలను నేలమీదనే కట్టి, మట్టి కప్పి, పార్కును వాటి నెత్తిన నిలబెట్టారు. జనం నేల అనుకుని నడిచేది నిజానికి మిద్దె మీద. అక్కడే ఇంకో పార్కులో 1994లో ఒక ఎత్తైన భవనం కట్టినప్పుడు, అది దూరంగా ఎప్‌కాట్ పార్కులోని మొరాకో కట్టడాల వెనక కనపడుతుందని తెలిసి, దాని పైభాగాన్నీ రంగునూ మొరాకోకు కలిసిపోయేలా చేశారు. కంటికి ఆనకూడని తలుపులకూ గోడలకూ వేయడానికి ఒక రకం పాలిపోయిన ఆకుపచ్చ రంగునే తయారు చేసుకున్నారు.

ఇంత తిప్పలు ఎందుకంటే, వచ్చినవాడు తన ఊరు, తన అప్పు మరిచిపోయి ఆ కథలో మునిగిపోవాలని. ఇది మోసమా? మేం అలా అనుకోవడం లేదు. మాకు దగ్గరలోనే, ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కళాకారులున్నారు. తెల్లటి తెర, వెనక దీపం, ఆ మధ్యలో బొమ్మ. పిల్లలు కాసేపు ముందర కూర్చుంటారు, కాసేపు తెర వెనక్కి పోయి ఆడించేవాళ్ల చేతులు చూస్తారు, మళ్లీ వచ్చి కూర్చుంటారు. రావణుడు తోలేనని తెలిసినవాళ్లే సీతమ్మ కోసం కంటతడి పెడతారు. తెర ఉందని అందరికీ తెలుసు, వెనక్కి పోవడానికి దారీ ఉంది. అలాంటప్పుడు ఎవరికీ అన్యాయం జరగదు. వానలేని సీమ పిల్లలు ఒక రోజు కృత్రిమ జలపాతం కింద తడిసి కేకలు పెడితే తప్పు పట్టే మనసు మాకు లేదు.

అయితే ఆట అయిపోయాక తోలుబొమ్మకు వెళ్లాల్సిన ఇల్లు లేదు. మనిషికి ఉంది. తెరమీద బొమ్మ ఉండాల్సిన చోట మనిషిని నిలబెడితే లెక్క మారిపోతుంది.

డిస్నీల్యాండ్‌లోనే ఇండియన్ విలేజ్ అని ఒక చోటు ఉండేది. అమెరికా ఆదివాసులు అక్కడ చూడవచ్చినవాళ్ల కోసం నృత్యాలు చేసేవాళ్లు. 1971 వరకు నడిచింది. వాళ్లు నిజమైన ఆదివాసులే, నృత్యాలూ నిజమైనవే. కానీ మట్టికట్టకు అవతల వాళ్ల భూములు ఏమయ్యాయన్నది ఆ దారానికి తగలదు.

దానికన్నా పాతది కార్ల్ హాగెన్‌బెక్ కథ. జర్మనీలో జంతువుల వ్యాపారి. 1907లో హాంబర్గ్ దగ్గర స్టెల్లింగెన్‌లో కటకటాలు లేని జంతుప్రదర్శనశాల తెరిచాడు. సింహానికీ జనానికీ మధ్య లోతైన కందకం ఉంటుంది, నిలబడిన చోటునుంచి ఆ కందకం కనపడదు. సింహం కొండమీద స్వేచ్ఛగా తిరుగుతున్నట్టే ఉంటుంది. దీన్ని గొప్ప మార్పుగా చెప్పుకుంటారు, జంతువులకు మేలే చేసింది కూడా. ఆ మనిషే 1870లలో ఉత్తర యూరప్ నుంచి సామీ జాతి కుటుంబాన్ని రెయిన్‌డీర్లతో సహా తెచ్చి, గుడారాలు వేయించి, టికెట్ పెట్టి చూపించాడు. తర్వాత ఆఫ్రికా నుంచి, సింహళం నుంచి కూడా మనుషుల్ని తెచ్చాడు. కందకం దాచడం ఎలాగో తెలిసినవాడికి, కూలి ఒప్పందం దాచడం ఎంత పని?

ఇవన్నీ దూరదేశాల సంగతులని మేం తప్పించుకోలేం. ఐక్యరాజ్యసమితి 1994లో ఆగస్టు 9ని ఆదివాసీ దినోత్సవంగా ప్రకటించింది. మేమూ బడిలో జరుపుతాం. అంతకుముందు ఆగస్టులో ఒక పెద్ద అధికారి వస్తున్నారని తెలిసి బాగా చేయాలనుకున్నాం. ఆవరణలో బోద గడ్డితో గుడిసె వేశాం. దాని వెనక సెల్ టవర్ కనపడుతోందని ఫ్లెక్సీ కట్టాం. నీళ్ల ట్యాంకుకు ఈతమట్టలు చుట్టాం. మోటారు సైకిళ్లు గోడ అవతల పెట్టించాం. సైట్‌లైన్ అనే మాట అప్పటికి మాకు తెలియదు గానీ, చేసింది అక్షరాలా అదే.

ఆ పాప తన అవ్వ పెట్టెలోంచి తీసిచ్చిన ఫేటియా, కాంచళి వేసుకుంది. అద్దాలు, గవ్వలు, దారం పని ఒత్తుగా ఉన్న పాత బట్టలు. అంతవరకు బాగానే ఉంది. కానీ మాకు అది చాలలేదు. మగపిల్లలకు ఆకుల లంగాలు కట్టాం, తలలకు ఈకలు పెట్టాం. గోర్ తాతల్లో ఆకులు కట్టుకున్నవాళ్లు ఎవరు? ఆ ఈకలు సినిమాల్లోంచి వచ్చినవి. పైగా మా తండా చుట్టూ అడవే లేదు, ఎర్రనేల, శెనక్కాయ చేలు, బోడి గుట్టలు. చివరికి పాపను ముందు వరసలో నిలబెట్టి, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాం. "అడవిబిడ్డకు అద్దాలేంది?" అని నవ్వుతూ అన్నది అధికారి కాదు, మేమే. బడిలో పెట్టిన కంటి పరీక్షల్లో పోరుపెట్టి ఆమెకు ఆ అద్దాలు ఇప్పించిందీ మేమే.

ఆమెకు దూరం ఆనదు. అడుగు తప్పి పక్కపిల్లను గుద్దుకుంది. జనం నవ్వారు. ఆ ఏడు చేలు ఎండి ఆమె అమ్మానాన్న బెంగుళూరులో బిల్డింగు పనికి పోయి ఉన్నారు. కూతురు ఆడేది చూడడానికి వాళ్లు లేరు. వచ్చిన పెద్దలు ఎవరూ వాళ్లు ఎక్కడని అడగలేదు, అడగడానికి మేమేమీ కనపడనివ్వలేదు.

ఈ మాటలు రాసి చదివి వినిపిస్తే మాలో ఒకాయన ఒప్పుకోలేదు. "ప్యాంటు చొక్కాలో నిలబడితే మనల్ని ఎవరు చూస్తారు? ఒక ఆఫీసులో నన్ను మొహమ్మీదే అడిగారు, నిన్ను చూస్తే ఎస్టీలా లేవే అని. వాళ్లు గుర్తుపట్టేట్టు కనపడకపోతే ఉన్నది కూడా పోతుంది" అన్నాడు. ఆ మాట తేలిగ్గా తీసేయలేం. చదువుకున్న మన పిల్లలందరికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. కానీ దానికి భయపడి మేం చేసిందేమిటి? ఆ రోజు మా పిల్లను మేం అతిథి కుర్చీలో కూర్చుని చూశాం. దారం రెండో కొసన ఆమె కళ్లు కూడా ఉన్నాయని మరిచిపోయాం.

మునిగిపోవడానికి దాపరికం తప్పదా అని ఆలోచిస్తే మాకు గుత్తి దగ్గర సేవాగఢ్ గుర్తొచ్చింది. 1739లో సేవాలాల్ మహరాజ్ పుట్టిన చోటు. ఫిబ్రవరి 15కు పొరుగు రాష్ట్రాల నుంచి కూడా మనవాళ్లు వస్తారు. ఫేటియా కట్టిన అవ్వ పక్కన జీన్సు వేసిన మనవరాలు ఉంటుంది. జీపులు, మైకులు, ప్లాస్టిక్ సీసాలు ఏవీ దాచరు. భోగ్ నిప్పుల్లో నెయ్యి పడి పొగ లేచినప్పుడు ఎవరి జేబులోనో ఫోన్ మోగుతుంది, ఎవరి ధ్యాసా చెదరదు. అక్కడ చూసేవాళ్లూ కనపడేవాళ్లూ వేరువేరు జనం కారు. అందువల్లనే గోడ అవసరం పడలేదేమో.

పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఆనాటి ఫొటో ఆఫీసు గది గోడకు ఇంకా ఉంది. అందులో ఆమె కెమెరా వైపు కాకుండా ఎటో చూస్తూ ఉంటుంది. దించేద్దామని ఇద్దరం అన్నాం, ఒకాయన వద్దన్నాడు. చివరికి ఆమెనే పిలిచి అడిగాం. దగ్గరకు పోయి, కళ్లద్దాలు సర్దుకుని, చాలాసేపు చూసింది.

"మా అవ్వ ఫేటియా బాగా పడింది సార్. ఉండనీండి" అంది.