ఏమి కొరకు వెదకుచున్నాము?

అయిదు రొట్టెలు, రెండు చేపలతో ప్రభువు అయిదువేల మందికి ఆహారము పెట్టిన మరునాడు, ఆ జనసమూహము దోనెలెక్కి ఆయనను వెదకుచు కపెర్నహూమునకు వచ్చెను. చూచువారికి అది గొప్ప భక్తిగానే తోచియుండును. ప్రభువు మాత్రము వారు వెదకినది తన్ను కాదనియు, కడుపు నింపిన రొట్టెలననియు స్పష్టముగా చెప్పెను. ఆ యధ్యాయము ముగియకమునుపే అనేకులు వెనుకకు మరలిరి (యోహాను 6).

మన తెలుగు సంఘచరిత్రలోను ఈ ప్రశ్న ఒకమారు బహు గట్టిగా ఎదురైనది. 1876–78 సంవత్సరముల గొప్ప కరవులో ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలాదిమందికి పనియు కూలియు కల్పించిరి. ఆ కూలీలు సువార్త వినిరి. బాప్తిస్మ మిమ్మని అనేకులు అడిగిరి.

దొరగారు ఇయ్యలేదు. కూలి అందరికిని ఇచ్చిరి గాని, బాప్తిస్మములను ఏడాదికి పైగా నిలిపివేసిరి. గంజి కొరకు వచ్చినవాడెవడో, క్రీస్తు కొరకు వచ్చినవాడెవడో కరవు దినములలో తెలియదు గదా! కరవు సహాయము ముగిసి, ఇక ఇచ్చుట కేమియు లేదని చెప్పిన తరువాతను ఆ జనులు వచ్చుచునే యుండిరి. అప్పుడు 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

మనము ఆ సంఖ్యను పండుగలలో చెప్పుకొందుము. దానికి ముందు కనిపెట్టిన నెలలను మరచిపోవుదుము. ఆ నెలలే ఆ సంఖ్యకు విలువ నిచ్చినవి.

ఆకలితో రొట్టె కొరకు వచ్చుట పాపము కాదు. ప్రభువు మొదట వారికి కడుపార పెట్టెను, పిమ్మటనే ప్రశ్నించెను. రొట్టెను చూచి, పెట్టినవానిని చూడకపోవుటయే నష్టము.

తాతముత్తాతల నాటినుండి క్రైస్తవులమైన మనకు రొట్టె వేరొక రూపమున వచ్చును. సంఘములో పేరు, కమిటీలో పదవి, కానుకల పట్టిక చదువునప్పుడు వినబడు మన మొత్తము, పిల్లల పెండ్లి సంబంధములకు పనికివచ్చు మర్యాద — ఇవి మన రొట్టెలు. ఇరువది యేండ్లు మానక గుడికి వచ్చిన పెద్ద, ఎన్నికలో ఓడిన మరుసటి ఆదివారము రాకుండుట మన మెరుగని సంగతియా?

అయినను అతనిని విమర్శించుట సులభము. సహోదరుడా, సహోదరీ, మనలను మనమే అడుగుకొందము. నేను పాడు పాటను మరియొకరికి అప్పగించిన దినమున నా నోట స్తుతి నిలుచునా? ప్రార్థనకు జవాబు రాని సంవత్సరమున నేను మోకాళ్లూనుదునా? ఎవరును చూడని గదిలో ప్రభువుతో పలుకుటకు నాకొక మాట యున్నదా?

ఆరాధనను, కానుకలను, ఉపవాసమును విడువుమని కాదు, అవి మార్గములు. మార్గమునందే కాపురముండువాడు ఇల్లు చేరడు. అనేకులు మరలిపోయిన ఆ దినమున పేతురు నిలిచినది సమస్తమును గ్రహించినందున కాదు. ప్రభువును విడిచి పోవుటకు అతనికి వేరొక చోటు లేదు. అంతమాత్రపు విశ్వాసమైనను నిజమైనదే.

ప్రభువా, నీ చేతిలోని వాటికంటె నిన్నే కోరు హృదయమును మాకు దయచేయుము. ఆమేన్.