పాత పట్టణములో ఎవరిని చూచితిరి?



లేపాక్షి బసవన్నను చూడనివారు మన ప్రాంతములో అరుదు. పెనుకొండ మీదుగా బస్సులో పోనివారును అరుదే. కాని ఆ కొండక్రింద ఏమున్నదో దిగి చూచినవారు కొద్దిమందే. ఓబులదేవరచెరువు చుట్టుపట్ల గ్రామముల యౌవనస్థులు కొందరు ఒక శనివారము నన్ను వెంటబెట్టుకొని అక్కడికి బయలుదేరిరి. సంఘపెద్ద యొకరు, "అయ్యగారూ, పాత కోటలు, గుళ్లు, మసీదులు చూడబోవుట మనకు తగునా?" అని అడిగిరి. "చూచుటలో పాపము లేదు, పెద్దయ్యా, ఏమి చూచి వచ్చెదమన్నదే ప్రశ్న" అంటిని. ఆ మాట నామీదికే తిరిగి వచ్చునని అప్పుడెరుగను.

1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము ఓడిపోయిన తరువాత తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. కొన్ని యేండ్లకు రాజధాని చంద్రగిరికి తరలిపోయెను. రాజులు పోయిరి, రాళ్లు మిగిలినవి. మేము గగనమహలును చూచితిమి. ప్రక్కప్రక్కనే యున్న రామాలయమును, శివాలయమును, జైనుల పార్శ్వనాథుని గుడిని, షేర్‌ఖాన్ మసీదును, బాబయ్య దర్గాను చూచితిమి. ఇన్ని మతములవారు ఒక కొండనీడను కాపురముండిరా అని పిల్లలు ఆశ్చర్యపడిరి. ఇది ఎవరు కట్టించిరి, అది ఎవరు కట్టించిరి అని అడుగుచు వచ్చిరి.

మాతో వచ్చిన ఉపాధ్యాయుడు నవ్వి, "ఇంతమంది త్రాగిన నీళ్లు ఎక్కడివో ఒక్కరును అడుగలేదే!" అనెను. తరువాత ఆయన చెప్పిన సంగతి ఇది. పెనుకొండ రాజధాని కాకమునుపే, 1388లో, అక్కడ అధికారియైయున్న రాజకుమారుడు బుక్కరాయలు పట్టణమునకు నీరు తెమ్మని సింగాయభట్టు అను జలవిద్య తెలిసినవానికి ఆజ్ఞాపించెను. అతడు పెన్నేటినుండి కాలువ త్రవ్వించి సిరువేర చెరువునకు నీరు తెచ్చెను. ఆ కాలువకు ప్రతాపబుక్కరాయ మండలకాలువ అని పేరుపెట్టి శాసనము వ్రాయించెను. దొరగారి పేరు నిలిచినది, పని చేయించినవాని పేరు నిలిచినది. పార పట్టినవాని పేరు లేదు, తట్ట మోసినదాని పేరు లేదు.

కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. అది ఇంకొంచెము చెప్పుచున్నది. దినమునకు వెయ్యిమంది కూలీలును, నూరు బండ్లును, రెండేండ్లు పనిచేసిరట. లెక్క వ్రాసిరి గాని పేర్లు వ్రాయలేదు. మన ఊరి పేరులోనే చెరువున్నది గదా! దాని కట్టకు మన్ను మోసినవారి పేరు ఒక్కటి మనలో ఎవరు చెప్పగలరు?

ఇంటికి వచ్చుచు లూకా సువార్త 21వ అధ్యాయమును తలంచుకొంటిని. శిష్యులు దేవాలయపు అందమైన రాళ్లను ప్రభువునకు చూపిరి. అవి యన్నియు పడద్రోయబడునని ఆయన చెప్పెను. అంతకు ముందే, ఆ అధ్యాయము మొదటనే, ఆయన కన్నులెత్తి చూచినది ఒక బీద విధవరాలిని, ఆమె వేసిన రెండు కాసులను. శిష్యులు రాళ్లను చూచిరి. ప్రభువు మనిషిని చూచెను.

ఇక్కడ నా తప్పు ఒప్పుకొనవలసియున్నది. మా మందిరమునకు ప్రహరీగోడ కట్టినప్పుడు రాళ్లందించిన ఒక అవ్వకు మూడు దినముల కూలి బాకీపడినది. ఆమె రెండుమార్లు వచ్చి అడిగెను. సంఘపు పెట్టెలో డబ్బు తక్కువగా నుండెను. "అవ్వా, నీ కష్టమును ప్రభువు మరువడు" అని చెప్పి పంపితిని. "అట్లనే అయ్యా" అని ఆమె వెళ్లిపోయెను. ఆ వారమే చందాదారుల పేర్లు చెక్కిన శిలాఫలకమునకు డబ్బు చెల్లించితిమి. అందులో నా పేరును ఉన్నది.

దేవుడు జ్ఞాపకముంచుకొనును అనునది అబద్ధమా? కాదు, అది పేదవానికి గొప్ప ఆదరణ. అయితే ఆ మాట ఎవరి నోట వచ్చుచున్నదో చూడవలెను. కష్టపడినవాడు తన్ను తాను ఓదార్చుకొనుటకు చెప్పుకొనిన యెడల అది విశ్వాసము. బాకీపడినవాడు తప్పించుకొనుటకు చెప్పిన యెడల అది దేవుని నామమును వ్యర్థముగా పలుకుటయే. బిగబట్టిన కూలి మొఱపెట్టుననియు, ఆ కేక ప్రభువు చెవిని పడుననియు యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో హెచ్చరించుచున్నాడు. దేవుడు మరువకపోవుట మనము మరచుటకు సెలవు కాదు. మరచిన మనకు అది తీర్పు.

నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయమును మనము చదువుకొను దినమున ఒట్టి పేర్ల పట్టీ అని దాటిపోవుదుము. నిదానముగా చదువుడి. యెరూషలేము గోడ కట్టినవారిలో కంసాలులున్నారు, వర్తకులున్నారు, తన కుమార్తెలతో కూడ పనిచేసిన షల్లూము ఉన్నాడు. పనికి మెడవంచని తెకోవ ఘనులనుగూర్చియు వ్రాయబడియున్నది. గోడ కట్టించినది నెహెమ్యాయే. అయినను అతడు తన పేరుతో సరిపెట్టుకొనలేదు.

మరునాడు ఆరాధన ముగియగానే ఆ అవ్వ యింటికి పోయి కూలి చెల్లించి, క్షమించుమని అడిగితిని. ఆమె డబ్బు కొంగున ముడివేసికొని, "దేవుడికి గుర్తుంటాదని తెలుసయ్యా. మీకూ గుర్తొచ్చె, సంతోషం" అనెను. నేను చేసిన ఏ ప్రసంగమును నాకంత గట్టిగా తగులలేదు.

సహోదరులారా, పెనుకొండకు పోవుడి, చూడుడి. పిల్లలకు రాజుల పేర్లు చెప్పుడి. కాలువ త్రవ్వినవారిని గూర్చియు చెప్పుడి. తిరిగి వచ్చి మీ సంఘపు పుస్తకము తెరచి, మీ మందిరమునకు నీళ్లు మోసినవారి, మన్ను త్రొక్కినవారి పేర్లు పెద్దలు బ్రదికియుండగానే అడిగి వ్రాసికొనుడి. అంతకంటె ముందు, ఎవరి కూలియైనను మీ యొద్ద నిలిచియున్నదేమో చూచుకొనుడి. ప్రభువు చూచువారిని చూచు కన్నులను ఆయన మనకు దయచేయును గాక. ఆమేన్.