విహారయాత్రలో కడపటివాడు

శనివారము వచ్చినదన్న మా చింతాద్రిపేట యువకులకు ఇల్లు నిలువనీయదు. ఐదు దినములు కుర్చీలో కూర్చుండి కంప్యూటరు ముందు పనిచేసిన పిల్లలు, ఆరవ దినమున తెల్లవారకముందే గేరు సైకిళ్ళను కారు వెనుక కట్టుకొని ఏలగిరికో, నాగలాపురము కొండలకో, కొల్లిమలకో ప్రయాణమగుచున్నారు. మా అన్నగారి కుమారుడు అమెరికాలో డెన్వరు నగరమున ఉద్యోగి. అతడు శీతకాలమున మిత్రులతో కలసి వారము వారమును రాకీ పర్వతములకు పోయి, కాళ్ళకు పొడవైన పలకలు బిగించుకొని మంచు వాలులమీద జారుచుండును. ఆ క్రీడను స్కీయింగ్ అందురు.

పెద్దలు కొందఱు దీనిని చూచి, చేతులార ప్రాణముమీదికి తెచ్చుకొనుట ఏమి వినోదమని కోపగించుచున్నారు. మేము ఆ పక్షము వారము కాము. తన కాలిబలముతో కొండనెక్కి చల్లని గాలి పీల్చినవానికి కలుగు తృప్తిని మేమును ఎఱుగుదుము. మా ప్రశ్న వేఱు. సంతోషము కొరకు కలసి బయలుదేరిన నలుగురిలో ఒకడు వెనుకబడినచో, ముందున్న మువ్వురును అతనికి ఏమి ఋణపడియుందురు? యుద్ధమున సైనికునకు ఆజ్ఞ గలదు. కార్యాలయమున గుమాస్తాకు నిబంధన గలదు. ఇంటియందు రక్తసంబంధము గలదు. విహారయాత్రలో ఈ మూడును లేవు. అచ్చట ధర్మము దేనిని పట్టుకొని నిలుచును?

ఈ ప్రశ్న మాకు గ్రంథములనుండి వచ్చినది కాదు. పదకొండవ తరగతితో చదువు చాలించి, ముప్పదియెనిమిది సంవత్సరములు దస్త్రములలో తలదూర్చి బ్రదికిన మాకు గ్రంథపాండిత్యము లేదు. అది ఒక కొండదారిలో పుట్టినది.

1985వ సంవత్సరము ఫిబ్రవరి మాసము. మేము ఐదుగురము స్నేహితులము. అందఱమును ఈ పేట తెలుగు కుటుంబముల వారమే. శనివారము రాత్రి మద్రాసు సెంట్రలులో సైకిళ్ళను బ్రేకువ్యానులో వేయించి, జోలార్‌పేటలో దిగి, ఆదివారము ఉదయమున ఏలగిరి ఎక్కుట మా సంకల్పము. ఆ కొండ సముద్రమట్టమునకు 1,000 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. దారిలో 14 కొండమలుపులు గలవు. మావి గేర్లు లేని నల్లని సైకిళ్ళు. ఇనుపకడ్డీల బ్రేకులు.

మాలో నలుగురము ఆఫీసు గుమాస్తాలము. ఐదవవాడు ఒక అచ్చుకూటములో దినకూలికి పనిచేయు కంపోజిటరు. మాకంటె నాలుగేండ్లు చిన్నవాడు. సన్నని దేహము. అతనికి సొంత సైకిలు లేదు. “నాకు కొండలు అలవాటు లేదన్నా, మీరు వెళ్ళి రండి” అని అతడు మొదటనే వెనుదీసెను. “మేము లేమా? వచ్చెయ్” అని అద్దెసైకిలు ఇప్పించి వెంట గొనిపోయినవారము మేమే.

ఎక్కునప్పుడు అందఱమును సైకిళ్ళను త్రోయుచు, నవ్వుకొనుచు, ఒకరికొకరము నీరిచ్చుకొనుచు పోయితిమి. కష్టమున కలసియుండుట సులభము. చిక్కు దిగునప్పుడు వచ్చినది. పల్లమున సైకిలు తనంతట పరుగెత్తును. చెవులలో గాలి హోరు తప్ప మఱేమియు వినబడదు. మలుపు వెనుక మలుపుగా నలుగురమును పందెము వేసినట్లు దిగి, అడుగుననున్న టీ దుకాణము చేరితిమి. టీ త్రాగితిమి. రెండవమాఱును త్రాగితిమి. కంపోజిటరు రాలేదు.

అఱగంట గడచెను. రైలువేళ దగ్గఱపడుచుండెను. తిరిగి పైకెక్కి చూతమని ఒకడనెను. అప్పుడు మా మనస్సు ముందు నిలిచినది స్నేహితుని ముఖము కాదు, మా ఆఫీసు హాజరుపట్టీ. పదిగంటల పది నిమిషములు దాటినచో పేరు కెదురుగా ఎఱ్ఱసిరా గీత పడును. మూడు గీతలకు అఱదినము సెలవు కోత. ఆ నెలలో మాకు అప్పటికే రెండు గీతలు పడియుండెను. “వాడేమైనా చిన్నపిల్లవాడా? వెనుక బండికి వస్తాడు, పదండి” అన్న మాట పుట్టెను. అందఱును లేచితిమి. దుకాణదారునకు ఒక మాట చెప్పి స్టేషనుకు పోయితిమి.

ఇట్టి వ్యాసములలో రచయిత తన్ను ‘మేము’ అని చెప్పుకొనుట ఆచారము. ఆ మాటచాటున ఒక్కని తప్పు నలుగురిపై పంచబడుటయు సులభము. కావున స్పష్టముగా వ్రాయుచున్నాము. ఆ దినమున “పదండి” అన్న నోరు ఈ వ్యాసము వ్రాయుచున్నవానిదే.

జరిగినదేమన, అద్దెసైకిలు బ్రేకురబ్బరులు సగము దారిలోనే అఱగిపోయినవి. అతడు భయపడి దిగి, సైకిలును రెండుచేతుల వెనుకకు లాగిపట్టుకొనుచు మిగిలిన మలుపులన్నియు నడచెను. చెప్పు తెగెను. చీకటిపడిన పిమ్మట క్రిందికి చేరునప్పటికి టీ దుకాణదారుడు బల్లలు ఎత్తివేయుచుండెను. ఆ బల్లమీదనే పండుకొని, మఱునాటి బండికి వచ్చెను. ఒకదినపు కూలి పోయెను. సైకిలుకు అదనపు అద్దె పడెను. మంగళవారము నాడు అరికాలికి గుడ్డకట్టుతో మా యింటి గుమ్మములో నిలిచి అతడడిగిన మొదటి మాట ఇది: “బండి అందిందా అన్నా? ఆఫీసుకి ఆలస్యం కాలేదు గదా?”

అతడు నిందించియుండినచో మేము వాదించియుందుము. మావద్ద వాదములు సిద్ధముగానే యుండెను. ఎవని యిష్టముతో వాడు వచ్చినాడు గదా. వినోదమునకు వచ్చినచోట ఒకని కొరకు నలుగురి పని చెడుట న్యాయమా? ప్రమాదము జరుగునని మాకేమి తెలియును? ఈ వాదములు ఊరక త్రోసివేయదగినవి కావు. నేటి యువకులును వీనినే చెప్పుచున్నారు. ఏండ్ల తరబడి మేము వీనిని మనస్సున తిప్పుచునే యుంటిమి.

మా వాదమునకు పెద్ద ఆధారము ఒకటి మహాభారతమున దొరకినట్లు కొంతకాలము తోచినది. తిక్కన సోమయాజి తెనుగు చేసిన పర్వములలో మహాప్రస్థానికము ఒకటి. పాండవులు సర్వమును విడిచి హిమవంతముదెసకు నడచుదురు. మొదట ద్రౌపది పడిపోవును. పిదప సహదేవుడు, నకులుడు, అర్జునుడు, కడపట భీముడు. ధర్మరాజు ఒక్కొక్కరి పతనమునకు కారణము చెప్పుచు, వెనుదిరిగి చూడక సాగిపోవును. ధర్మమూర్తియే ఆగకపోగా గుమాస్తా ఆగలేదని తప్పుపట్టుట ఏల?

కాని కథ అచ్చట ముగియదు. ఇంద్రుడు రథము తెచ్చి రమ్మన్నప్పుడు, తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి రానని ధర్మరాజు నిలిచిపోవును. తరువాతి స్వర్గారోహణ పర్వమున, తమ్ములు నరకమున నున్నారని ఎఱిగి, వారి ఆర్తనాదము విని, స్వర్గమును కాదని అచ్చటనే ఉందునని చెప్పును. దారిలో ఆగని వానిని కవి స్వర్గద్వారమున ఒకమాఱు, నరకమున మఱియొకమాఱు ఆపినాడు. అదియుగాక, వారిది తిరిగిరాని యాత్ర. ఇల్లు, రాజ్యము, దేహము అన్నిటిపై ఆశ విడిచి బయలుదేరినవారు వారు. మా జేబులలో తిరుగు టిక్కెట్టులుండెను. సర్వమును విడిచినవాని వైరాగ్యమును, హాజరుపట్టీని విడువలేనివాడు అరువు తెచ్చుకొనుట తగదు.

కుక్క కథలో మా ప్రశ్నకు సమాధానము గలదని తోచుచున్నది. ఆ కుక్కకును తనకును చుట్టరికము గలదని ధర్మరాజు అప్పుడు ఎఱుగడు, ఒప్పందము లేదు. అది వెంట వచ్చినది, ఆయన రానిచ్చెను. అంతియే. నమ్మి వెంటవచ్చుటయు, రానిచ్చుటయు అను ఈ రెంటినుండియే ఋణము పుట్టినది. కంపోజిటరు తన యిష్టముతోనే వచ్చెనన్న మాట నిజము. కాని ఆ యిష్టము “మేము లేమా?” అన్న మా మాటపై నిలిచినది. మాట యిచ్చి తెచ్చినవానికి, రైలువేళ వచ్చినప్పుడు ఆ మాటను ఉపసంహరించుకొను అధికారము లేదు.

ఈ సంగతి క్రీడలను ఎఱిగినవారు మాకంటె ముందే గ్రహించినారు. మంచుక్రీడకు అంతర్జాతీయ స్కీ సమాఖ్య పది నియమములు విధించినది. అందు ఒకటి: పైనుండి, వెనుకనుండి వచ్చువాడు ముందు పోవువానికి అపాయము కలుగని దారి ఎంచుకొనవలెను. ముందున్నవానికి వీపున కన్నులు లేవు, చూడగలవానిదే భారము. మఱియొకటి: ప్రమాదము జరిగినచోట ప్రతివాడును ఆగి సాయపడవలెను. మంచు దట్టముగా కురిసిన అడవులలో చెట్ల మొదళ్ళచుట్టును మంచు గట్టిపడక గుల్లగా నుండును. దానిలో తలక్రిందుగా కూరుకుపోయినవాడు తనంతట వెలికి రాలేడు. కావున అట్టిచోట జంటగా, ఒకరి కంటికి ఒకరు కనబడునట్లు పోవలెనని నేర్పుదురు. తన మిత్రుడు నిలిచి చూచుచుండగానే తాను జారుదునని మా అన్నగారి కుమారుడు చెప్పినప్పుడు, మాకు ఏలగిరి మలుపులు జ్ఞప్తికి వచ్చినవి. కొండదారుల సైకిలువారిలోను, దిగువాడు ఎక్కువానికి దారి యీయవలెనను మర్యాద గలదు. వేగము గలవాడు శ్రమపడువానికి లోబడుటయే ఈ నియమముల సారము.

ఒంటరిగా పోవువానికి ఈ చిక్కు లేదు గదా యని కొందఱందురు. నెల్లూరు జిల్లాలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండముల ఎత్తైన శిఖరములను 172 దినములలో ఎక్కిన మహావీరుడు. 2015 మార్చి మాసమున ఆండీస్ పర్వతములలో ఒంటరిగా ఎక్కబోయి తిరిగి రాలేదు. అప్పుడు ఆయన మిత్రులు దేశదేశములనుండి పూనుకొని వెదకించిరి. ఏప్రిలు మొదటివారమున దేహము కనబడెను. అంతటి సమర్థుడు ఒంటరిగా పోయినను, ఆయన కొరకు ఆగిన మనస్సులు ఇందఱివి యుండెను. అది స్నేహము గొప్పతనము. ఒంటరితనమును ఎవరును పూర్తిగా పొందలేరనుటకు సాక్ష్యము.

గుంపుగా పోయినంతమాత్రమునను క్షేమము లేదు. 2018 మార్చి 11వ తేదీన తేని జిల్లా కురంగణి కొండలలో కార్చిచ్చు చుట్టుముట్టి, ఆటవిడుపుగా పోయిన 20 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో మా నగరము వారును గలరు. ఆ తల్లిదండ్రుల దుఃఖమును తలచినచో కలము సాగదు. ఆ యేడే తమిళనాడు ప్రభుత్వము కొండయాత్రలకు నియమావళి చేసినది. అనుమతి కావలెను, దారి తెలిసినవాడు వెంట నుండవలెను. అవి మంచి నియమములే. కాని కడపటివాడు కనబడనప్పుడు టీ దుకాణమునుండి లేచి పైకి చూచుట ఏ నియమావళియు చేయింపలేదు. అది మనము చేయవలసినదే.

ఒకని కొరకు ఆగినచో నలుగురి ఆనందము చెడదా? కొంత చెడును. దాచనేల? అయితే మా పేట పుట్టుక ఒకమాఱు తలచుకొందము. 1734 ప్రాంతమున గవర్నరు జార్జి మోర్టన్ పిట్ నేతగాండ్రను తెచ్చి ఇచ్చట నిలిపెను. చిన్న మగ్గముల ఊరు అను అర్థమున ‘చిన్న తఱి పేట’ అన్న తమిళనామమే చింతాద్రిపేట అయినదని చెప్పుదురు. పోగు తెగినప్పుడు నేతగాడు ఏమి చేయును? మగ్గమును ఆపి, తెగిన కొసను వెదకి, ముడివేసి మరల నేయును. ఆలస్యమగుచున్నదని సాగించినచో బట్ట ముందుకు పోవును గాని, తెగిన చోటునుండి కడదాక సందు కనబడుచునే యుండును.

కావున కొండలకు పోవు పిల్లలకు మా మనవి మూడు ముక్కలు. బయలుదేరకముందే బలహీనుని బండిని బలవంతుడు పరీక్షింపవలెను. ప్రతి మలుపున ఆగి తలలు లెక్కింపవలెను. అందఱికంటె సమర్థుడు అందఱికంటె వెనుక నడువవలెను. ముందు పోవుట ఉబలాటము గలవానికి ఎవనికైనను చేతనగును. వెనుక వచ్చుటకే సామర్థ్యము కావలెను.

కంపోజిటరు ఆ పిమ్మటను మాతో స్నేహముగానే యుండెను. మా యింటి శుభకార్యములకు శుభలేఖలు తన చేతనే కూర్చి తెచ్చెడివాడు. కాని మఱెన్నడును మాతో యాత్రకు రాలేదు. పిలిచినప్పుడెల్ల పని యున్నదనెడివాడు. ‘ఆనాడు తప్పు చేసితిమి’ అని చెప్పవలెనని పలుమాఱులు అనుకొంటిమి. రేపు చెప్పుదమని వాయిదా వేయుచుండగనే అతడు పది సంవత్సరముల క్రిందట కాలము చేసెను. ఆ సోమవారము మేము పదిగంటలకు ముందే ఆఫీసు చేరి సంతకము చేసితిమి. ఎఱ్ఱగీత పడలేదు.

మొన్న ఆదివారము తెల్లవారుజామున వీధిచివర ఆఱుగురు పిల్లలు సైకిళ్ళు సిద్ధముచేసికొనుచుండిరి. అందొకతె కంపోజిటరు మనుమరాలు. మేము వారివద్దకు పోయి, మీలో చివర వచ్చునది ఎవరు అని అడిగితిమి. వారిలో పొడవరియైన కుఱ్ఱవాడు చేయి యెత్తి, “నేనే తాతగారూ” అనెను. వారు మలుపు తిరుగువఱకు గుమ్మములో నిలిచి చూచితిమి. అతడు కడపటనే యుండెను.